అసలుతో సరిపోల్చినవాడు

వేముల సిద్దిరాములు ముప్పై ఆరేండ్లు ప్రభుత్వ కార్యాలయంలో ఎత్తివ్రాత గుమాస్తాగా పనిచేసి, చిత్తులో తన సొంత వాక్యం ఒక్కటైనా చేర్చకుండా ఉద్యోగ విరమణ చేసిన మనిషి. పై అధికారులు చిత్తు వ్రాసేవారు. ఆయన దానిని చూసి శుద్ధప్రతి తయారుచేసేవాడు. టైపు యంత్రాలు వచ్చాయి, వాటి వెనుక కంప్యూటర్లు వచ్చాయి. అయినా కొన్ని కాగితాలు చేతివ్రాతలోనే ఉండాలని పట్టుబట్టే అధికారులు ప్రతి కాలంలోనూ ఒకరిద్దరు ఉండేవారు గనుక, చెన్నూరు కార్యాలయంలో కిటికీ పక్కన ఉన్న ఆయన కుర్చీ చివరి దినం వరకూ కదలలేదు. నస్పూర్‌లోని ఇంటి నుండి ఆయన రోజూ బస్సులో పోయి వచ్చేవాడు.

ఒకసారి ఒక అధికారి చిత్తులో ‘ఫిబ్రవరి ముప్పయ్యో తేదీలోగా హాజరు కావలెను’ అని వ్రాశాడు. సిద్దిరాములు దానిని అట్లాగే ఎత్తివ్రాసి, కాగితం మూలకు ఒక గులాబీ రంగు చీటీ గుండుసూదితో గుచ్చి పంపాడు. ‘చిత్తునందలి తేదీ పంచాంగమందు లేదు. తమ దృష్టికి తేవడమైనది.’

అధికారి పిలిపించి, “తప్పని తెలిసినంక నువ్వే దిద్దరాదా?” అని గద్దించాడు.

“దిద్దుడు రాసినోళ్ళ పని సార్. నాది సరిపోల్చుడు,” అన్నాడు సిద్దిరాములు.

ఈ నియమం ఆయనకు కార్యాలయం నేర్పినది కాదు. ఆయన తండ్రి సిరిసిల్లలో మగ్గం మీద బతికినవాడు. తెగిన పోగును అతకవచ్చు గాని దాని రంగు మార్చకూడదని కొడుకు చెవిలో పోరి పోరి చెప్పినవాడు. అందుచేత ప్రతి నకలు కింద ‘అసలు ప్రతితో సరిపోల్చి చూడబడినది. నకలు సరియైనది. వే. సిద్దిరాములు’ అని వ్రాసేటప్పుడు ఆయన వెన్ను దానంతట అదే నిటారుగా అయ్యేది. ఆ ఒక్క పంక్తే ఆయన ఆస్తి.

ఆయన ఇంటికి మూడిండ్ల అవతల బాలమల్లు ఉంటాడు. ఇద్దరూ ఏడో తరగతి వరకు ఒకే బెంచీ మీద కూర్చున్నవారే. తరువాత బాలమల్లు బొగ్గుబాయిలో కుదిరి, గనిలోకి దిగే కార్మికులకు టోపీ దీపాలు ఇచ్చే గదిలో పనిచేసి రిటైరయ్యాడు. అటువంటి బాలమల్లు ఒక ఉదయం యూరియా సంచి భుజాన వేసుకొని వచ్చి, సిద్దిరాములు అరుగు మీద దించాడు.

“సిద్దీ, జర చెయ్యెయ్యి. నడుము వంగుతలేదు.”

“ఏందిది?”

“నవల.”

“ఎవలిది?”

“నాదే. ఇంకెవలిది?”

సంచిలో పిల్లల నోటు పుస్తకాలు, పాత క్యాలెండర్ల వెనుక వైపులు, పెండ్లి పత్రికల ఖాళీ పుటలు ఉన్నాయి. అన్నింటి మీదా చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టు వ్రాత. సిద్దిరాములు భార్య సత్తమ్మ చాయ గ్లాసు చేతికిస్తూ తొంగిచూసింది.

“నువ్వు నవల రాసినవా అన్నా! ఇన్నేండ్లు ఒక్క ఉత్తరం రాయాలంటె మా ఇంటికే ఉరికొస్తివి గద!”

“ఉత్తరం వేరు చెల్లె. దాంట్ల నిజం రాయాలె. నవలల అబద్ధం రాయొచ్చు, గందుకే సులువు.” బాలమల్లు చాయ ఊదుకుంటూ సిద్దిరాములు వైపు తిరిగాడు. “కరీంనగర్ ప్రెస్సోళ్ళకు చూపిచ్చిన. డాక్టర్ చీటి లెక్కున్నది, మాతోని కాదన్నరు. నీ దస్తూరిల ఉంటె కండ్లు మూసుకొని కొడుతరట.”

“రాస్త. కని ఒక్క అక్షరం గూడ మార్చ.”

“మార్చమని ఎవడన్నడు?”

ఆ నవల పేరు ‘ఏడో పొర కింది రాజ్యం’. భూమిలో బొగ్గు పొరలు ఏడు ఉంటాయని, ఏడో పొర కింద చీకటిని నీళ్ళవలె కుండలలో తోడుకొని తాగే జనం ఉంటారని, వారికి గండకేతువు అనే రాజు ఉన్నాడని కథ. బొగ్గుపొడితో పుట్టిన గుర్రాలు, నవ్వితే పైకప్పు రాలిపడే రాక్షసులు. ఇంతవరకు సిద్దిరాములుకు అభ్యంతరం లేదు. ఆయన అంతకన్న నమ్మలేని సంగతులను అర్జీలలో ఎత్తివ్రాసినవాడే. తొమ్మిదో పుటలో మాత్రం కలం ఆగిపోయింది.

‘అప్పుడు ఆ సభలోకి, ఈ కథను వ్రాస్తున్న బాలమల్లు స్వయముగా నడిచి వచ్చెను. అతడు ఆరడుగుల ఎత్తరి. నొక్కుల జుట్టు గలవాడు. తలపై దీపము వెలుగుచుండగా రాజు లేచి నిలిచి, నీవెవరవని అడిగెను. నిన్ను వ్రాసేవాడినని బాలమల్లు చెప్పెను.’

సిద్దిరాములు ఆ నాలుగు పంక్తులను మూడుసార్లు చదివాడు. బాలమల్లు ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. నొక్కుల మాట అటుంచి, జుట్టు అనేది ఆయన తలను విడిచి పాతికేండ్లు అయింది. అయినా సిద్దిరాములును పొడిచినది ఆ అబద్ధం కాదు. తన చేతుల మీదుగా పోయిన వేల కాగితాలలో, వ్రాసినవాడు కాగితం మధ్యలోకి నడిచి రావడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఎంత పెద్ద అధికారి పేరైనా అడుగున, కుడి పక్కన, సంతకం కింద ఉంటుంది. అది దాని స్థానం. మరి ఇట్లా కూడా చేయవచ్చా? చేయవచ్చునని ముప్పై ఆరేండ్లలో తనకు ఒక్కరూ చెప్పలేదే! వత్తులు సరిగా పెట్టరాని బాలమల్లుకు ఎవరు చెప్పారు?

కలం కింద పెట్టాడు. తనకు కలిగినదానిని అసూయ అనడానికి ఆయన ఒప్పుకోలేదు. పద్ధతి తప్పిన పని చూస్తే మర్యాదస్తునికి కలిగే వెగటు అని మనసులో నమోదు చేసుకున్నాడు. అధ్యాయం పూర్తి కాగానే చెయ్యి అలవాటు ప్రకారం కింద ‘అసలు ప్రతితో సరిపోల్చి చూడబడినది’ అని వ్రాసి, పేరు పెట్టింది.

మరునాడు అది చూసి బాలమల్లు పడి పడి నవ్వాడు. “గిదేందిర, నా రాక్షసులకు సర్కారు గ్యారంటీనా?”

“గది లేకుంటె నకలే కాదు.”

“ఉండని తియ్యి. నీ బాధ నీది.”

ఆ తరువాత వాడకట్టులోని వారంతా ఒకరి వెనుక ఒకరు పాతాళంలోకి దిగసాగారు. మూలమీద చాయ హోటలు నడిపే యాదవ్వ రాక్షసుల రాణి అయింది. ఆమె కెటిలు వంచితే సెలయేరు పారింది. ఇచ్చోడ సంతలో బాలమల్లు తమ్ముడు కొన్న గిత్త అయిదో అధ్యాయంలో మనిషి మాటలు మాట్లాడింది. ఏడో అధ్యాయంలో సత్తమ్మ వచ్చింది. ‘సత్తమ్మ అను వీరనారి కాల్చి ఇచ్చిన సర్వపిండి తిని సైన్యము మూడు దినములు ఆకలి ఎరుగక పోరాడెను.’

సిద్దిరాములు ఆ పుటను చాప అడుగున దాచాడు. ఊడుస్తుంటే అది సత్తమ్మకే దొరికింది. సాయంత్రానికి వాడకట్టంతా తెలిసింది.

“నేను గూడ ఉన్న నవలల! వీరనారినట!” చీర కొంగు నడుముకు చెక్కుకుంటూ అడిగిందామె. “నువ్వేడున్నవయ్య?”

“ఇంక రాలే.”

“పదిహేను దినాల సంది రాలే, రాలే అంటున్నవ్. నువ్వేమన్న చెన్నూరు బస్సువా?”

ఆయన ఎనిమిదో అధ్యాయం తీశాడు. వెనుకటి దినాలలో ఒక చిత్తును ముందుగా చదివి తరువాత ఎత్తివ్రాసేవాడు. ఇప్పుడు ముందుగా చదవడం మానేశాడు. తదుపరి పంక్తిలో తాను వస్తాడేమోనన్న ఆశను అట్లా కొంచెం కొంచెంగా ఖర్చు చేసుకున్నాడు. రాలేదు. పదిహేనులో రాలేదు. పద్దెనిమిదిలో మంగలి రాజం దిగాడు, ఆయన కత్తితో చీకటిని గొరిగాడు. రాజం! బాలమల్లుతో నెలకు ఒకసారి మాట్లాడేవాడు! చిత్తులో ఉన్న తప్పుకు చీటీ పెట్టవచ్చు. చిత్తులో లేని మనిషికి ఏ చీటీ పెట్టాలి?

అడగడానికి అభిమానం అడ్డు వచ్చింది. చివరకు ఒక పొద్దున యాదవ్వ హోటలు బల్ల మీద, ఎటో చూస్తూ సంగతి కదిపాడు.

“గా రాజ్యంల రాజు హుకుములు ఇస్తడు గద. గవి ఎవరు రాస్తరు?”

“ఎవలు రాయరు. నోటితోని చెప్తడు, అయిపాయె,” అన్నాడు బాలమల్లు.

“రేపు నేను చెప్పలే అంటె? సాక్ష్యం?”

“అరే, గాడ కాయిదమే లేదు సిద్దీ. కాయిదాలు లెవ్వు గనుకనే గంత సుఖంగున్నది రాజ్యం.”

యాదవ్వ చాయ వడకడుతూ ముసిముసిగా నవ్వింది. “కాయిదమే లేకుంటె సిద్దన్నకు గాడ పనేమున్నది, పాపం.”

సిద్దిరాములు చాయ సగంలోనే వదిలి లేచాడు.

ఇరవై నాలుగో అధ్యాయంలో గండకేతువు చనిపోయాడు. ఇద్దరు కొడుకులు సింహాసనం నాదంటే నాదని కత్తులు దూశారు. బాలమల్లు వచ్చి ఇద్దరినీ విడిపించాడు. ఆ చోట కథకు ఒక వీలునామా అవసరమని సిద్దిరాములుకు స్పష్టంగా కనిపించింది. మధ్యాహ్నం వేళ. సత్తమ్మ వంటింట్లో అన్నం వారుస్తున్నది. ఆయన కలం చిత్తును విడిచి, మొదటిసారి తన దారిన తాను నడిచింది.

‘అంతట సిద్దిరాములు అను లేఖకుడు సభామధ్యమునకు వచ్చి, గతించిన రాజు చెప్పి వ్రాయించిన వీలునామాను సంచి నుండి తీసెను. కత్తులు ఒరలలోకి పోయెను.’ ఇట్లా పదకొండు పంక్తులు సాగింది. చివరి పంక్తి వ్రాసేటప్పుడు ఆయన చెవులు వేడెక్కాయి. ‘సభ లేచి నిలిచెను. బాలమల్లు కూడా లేచి నిలిచెను.’

ఎంత బాగున్నది! ఎక్కడా అతుకు తెలియలేదు. బాలమల్లుకు తన నవల తానే తిరిగి చదివే ఓపిక లేదని కూడా ఆయనకు తెలుసు. మిగిలిన అధ్యాయం ముగించి, అడుగున ‘అసలు ప్రతితో’ అని వ్రాశాడు. అక్కడ చెయ్యి ఆగింది.

“అన్నం పెట్టిన, లెవ్వు,” అన్నది సత్తమ్మ.

లేవలేదు. ధ్రువీకరణ వ్రాస్తే అబద్ధానికి పేరు పెట్టినట్టు. వ్రాయకుంటే ఇరవై మూడు అధ్యాయాల కింద ఉన్నది దీని కింద ఎందుకు లేదన్న ప్రశ్న మిగులుతుంది. తండ్రి మగ్గం, తెగిన పోగు, మారిన రంగు కండ్ల ముందుకు వచ్చాయి. కంచంలోని అన్నం చల్లారింది. ఆయన ఆ కాగితాన్ని అడ్డంగా, తరువాత నిలువుగా చింపి, కొత్త కాగితం తీసి అధ్యాయాన్ని మొదటి నుండి వ్రాశాడు. రాకుమారులు వీలునామా లేకుండానే కొట్టుకున్నారు. బాలమల్లే విడిపించాడు. కింద తన పంక్తి వ్రాసి, పేరు పెట్టాడు.

“ఏమైందయ్య, మొఖం గట్లున్నది?” సత్తమ్మ అడిగింది.

“ఒక మనిషిని తీసేసిన.”

“ఎవలిని?”

“నీకు ఎరుకున్నోడే.”

నెలన్నర తరువాత కరీంనగర్ నుండి అచ్చు ప్రూఫులు వచ్చాయి. బాలమల్లు కట్ట విప్పనైనా విప్పకుండా తెచ్చి ఇచ్చాడు. “నువ్వు చూసినంక నేను చూసుడేంది? సర్కారు చూసినట్టే.”

సిద్దిరాములు ఎడమ పక్క తన నకలు, కుడి పక్క ప్రూఫు పెట్టుకొని ఎర్ర పెన్సిలుతో కూర్చున్నాడు. మొదటి అధ్యాయం చివరికి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయింది. కథ ముగిసిన చోట, కొంచెం జాగా విడిచి, అందమైన అచ్చు అక్షరాలలో ఉన్నది: ‘అసలు ప్రతితో సరిపోల్చి చూడబడినది. నకలు సరియైనది. వే. సిద్దిరాములు.’ ప్రెస్సులో కొట్టినవారు నకలులో కనిపించినదంతా కొట్టారు.

పెన్సిలు లేచింది. అది కథలోనిది కాదని పసిపిల్లలకైనా తెలుస్తుంది. ఒక్క గీత చాలు. అయితే ప్రూఫు చూసేవాని విధి ఏమిటి? నకలులో ఉన్నదా? ఉన్నది. ప్రూఫులో ఉన్నదా? ఉన్నది. కొట్టివేసే అధికారం ఎవరిది? వ్రాసినవానిది. నియమం ఆయన కోరికకు తోడుగా నిలబడటం అదే మొదటిసారి.

ఇంకొక నియమం కూడా ఉన్నది. ఆయన సొరుగు లాగాడు. గులాబీ చీటీల కట్ట, గుండుసూదుల డబ్బా అక్కడే ఉన్నాయి. చాలాసేపు వాటి వైపు చూశాడు. తరువాత సొరుగు మూసి, ఆ పంక్తి పక్కన ‘సరి’ అని గుర్తు పెట్టాడు. మిగిలిన అధ్యాయాలన్నింటికీ అట్లాగే పెట్టాడు.

మంచిర్యాల గ్రంథాలయంలో పుస్తకావిష్కరణ జరిగింది. బాలమల్లు తెల్ల చొక్కా తొడిగి, మెడలో శాలువాతో వేదిక మీద కూర్చుని ఉండగా, సిద్దిరాములు మూడో వరుసలో సత్తమ్మ పక్కన కూర్చున్నాడు. పెద్దలు ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ రచయిత తానే పాత్రగా ప్రవేశించిన చమత్కారాన్ని మెచ్చుకున్నారు. మెచ్చిన ప్రతిసారీ సిద్దిరాములుకు ఆ పాత వెగటు తిరిగి వచ్చింది. చివరకు డిగ్రీ చదివే వందన అనే అమ్మాయి మైకు అందుకున్నది.

“అందరు బాలమల్లు తాత పాత్ర గురించే చెప్పిండ్రు. నాకు మాత్రం సిద్దిరాములు నచ్చిండు.”

సభలో చిన్న కలకలం పుట్టింది. బాలమల్లు వీపు కుర్చీని విడిచింది.

“ప్రతి అధ్యాయం అయిపోంగనే వస్తడు. రాజు చచ్చిపోయినా వస్తడు, యుద్ధమైనా వస్తడు. గుర్రం ఎక్కడు, కత్తి పట్టడు. జరిగింది నిజమేనని పేరు పెట్టి పోతడు, అంతే. బాలమల్లు తాత అబద్ధాలు చెప్తున్నడేమో అనిపించినప్పుడల్లా కింద ఆయన పేరు చూస్తె నమ్మబుద్ధయింది. కని ఆయన ఎట్లుంటడో ఒక్కకాడ గూడ చెప్పలే. తాతా, ఆయన ఎవరు?”

బాలమల్లు తన పుస్తకాన్ని అప్పుడే మొదటిసారి తెరిచాడు. ఒక అధ్యాయం చివర చూశాడు, మరొకటి చూశాడు. మూడో వరుస వైపు చూశాడు. సత్తమ్మ మోచేత్తో భర్తను పొడిచింది. సిద్దిరాములు వెన్ను దానంతట అదే నిటారుగా అయింది.

“ఉన్నడు ఒకడు,” అన్నాడు బాలమల్లు మైకులో. “మా వాడకట్టోడే.”

జనం లేచి మూడో వరుస వైపు చూశారు. ఆ తరువాత బాలమల్లు మాట్లాడిన మాటలను ఎవరూ సరిగా వినలేదు.

ముగ్గురూ ఒకే ఆటోలో ఇంటికి బయలుదేరారు. బాలమల్లు మెడలోని శాలువా తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

“ప్రూఫు నువ్వే చూసినవ్ గద?” అన్నాడు బాలమల్లు.

“చూసిన.”

“గది కండ్లవడలే?”

“పడ్డది.”

“మరి?”

“నకలుల ఉన్నది, ప్రూఫుల ఉన్నది. సరిపోయింది.”

“ఫిబ్రవరి ముప్పైకి చీటి పెట్టినోనివి నువ్వు. గా ముచ్చట నాకు వందసార్లు చెప్పినవ్. దీనికి ఎందుకు పెట్టలే? చీటీలు ఒడిసినయా?”

సిద్దిరాములు రోడ్డు వైపు చూశాడు. “లే. సొరుగులనే ఉన్నయ్.”

“చూసినవా చెల్లె!” బాలమల్లు శాలువాను చుట్టచుట్టి ఒడిలో కొట్టుకున్నాడు. “రెండేండ్లు నేను గుర్రాలెక్కిన, పాతాళం దిగిన, రాక్షసులతోని కొట్లాడిన. ఈయన అడుగుల ఒక్క లైను పెట్టుకొని మొత్తం గుంజుకపోయిండు!”

“నువ్వు ఆయనను రాయకపోతివి అన్నా. రాజంను రాసినవ్, గిత్తను గూడ రాసినవ్. మూడు నెలలు పొద్దుమాపు ఎదురుచూసిండు పిచ్చోడు,” అన్నది సత్తమ్మ.

బాలమల్లు శాలువాను విప్పి మళ్ళీ చుట్టాడు. ఇంటి ముందు ఆటో ఆగినప్పుడు, ఎవరి వైపూ చూడకుండా, “ఆయన గూర్సుండి రాసుడే చూసిన ఎప్పటికి. కథల ఏం జెయ్యాలె ఆయన?” అని దిగి పోయాడు.

పదకొండు దినాలు బాలమల్లు ఆ గడప తొక్కలేదు. పన్నెండో దినం ఒక నోటు పుస్తకం తెచ్చి అరుగు మీద విసిరాడు. కూర్చోలేదు. చాయ వద్దన్నాడు. “రెండో భాగం. ఎత్తి రాయి. అక్షరం తప్పొద్దు, సూడు.”

సిద్దిరాములు మొదటి పుట తీశాడు.

‘ఆ రాజ్యమునకు ఒకనాడు కాగితములు వచ్చిపడెను. వాటి వెంట సిద్దిరాములు అను పొట్టి లేఖకుడు వచ్చెను. బట్టతల. మెల్లకన్ను. అడుగున వాని పేరు లేనిదే రాజుకు కూడా నిద్ర పట్టదు.’

సత్తమ్మ భుజం మీదుగా చదివి కెవ్వుమన్నది. “మెల్లకన్నా! పొట్టోడా! మార్చయ్య, నువ్వే గద రాసేది!”

ఆయన మార్చలేదు. ‘పొట్టి’ అన్న మాటను ఆ పుటలో అన్నింటికంటే శ్రద్ధగా వ్రాశాడు. మెల్లకన్నును వ్రాశాడు. అడుగున తన పంక్తి వ్రాసి, పేరు పెట్టాడు. తరువాత సొరుగు లాగి, రెండు గులాబీ చీటీలు తీసుకున్నాడు.

మొదటి దానిలో ఇట్లా వ్రాశాడు: ‘మొదటి భాగము ప్రూఫునందు ప్రతి అధ్యాయము చివర గల పంక్తి కథలోనిది కాదు. తెలిసియుండియు అప్పుడు తమ దృష్టికి తేలేదు. మలి అచ్చులో ఉంచవలెనా, తీసివేయవలెనా అన్నది తమ ఇష్టము.’ ఇది వ్రాయడానికి ఆయనకు చాలా సమయం పట్టింది. రెండోది తొందరగా వ్రాశాడు: ‘లేఖకుడు పొట్టివాడని చిత్తునందు కలదు. సదరు వ్యక్తి ఎత్తు అయిదడుగుల ఏడంగుళములు, అనగా రచయిత కన్న అయిదంగుళములు ఎక్కువ. మెల్లకన్ను లేదు. బట్టతల వాస్తవమే. తమ దృష్టికి తేవడమైనది.’

రెండింటినీ నకలుకు గుచ్చి సత్తమ్మ చేత మూడిండ్ల అవతలికి పంపాడు. అరగంటలో ఆమె కాగితాలు పట్టుకొని నవ్వుకుంటూ తిరిగి వచ్చింది.

మొదటి చీటీ మీద, చీమలు సిరాలో పడి లేచినట్టు, బాలమల్లు వ్రాత ఉన్నది: ‘ఉండని.’

రెండోదాని మీద: ‘గది గూడ ఉండని.’